సజ్జ కింది తుట్టె

చలికాలం పూత మొదలైందంటే హైదరాబాద్‌లోని అశోక్ నగర్, చిక్కడపల్లి, నారాయణగూడ వీధుల్లో ఎత్తైన భవనాల సజ్జల కింద, నీళ్ల ట్యాంకుల అడుగున తేనెతుట్టెలు వెలుస్తాయి. పెరళ్లున్న పాత ఇళ్లు పోయి ఐదంతస్తుల హాస్టళ్లు లేచిన ప్రాంతమిది. సివిల్స్‌కీ గ్రూప్స్‌కీ చదివే పిల్లలు పగలంతా చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలోనో కోచింగ్ సెంటర్లలోనో గడిపి రాత్రికి ఈ ఇరుకు గదులకు చేరతారు. ఇంతమంది మనుషులకు ఇంత దగ్గరగా వేలాది ఈగలున్న తుట్టె ఒకటి వేలాడితే ఏం చేయాలన్నది గాలి కబుర్లతో తేలే ప్రశ్న కాదు. కొట్టించేయాలని కొందరు, ముట్టుకోకూడదని కొందరు అంటారు. ఆ రెండు వాదనలనూ ఒక హాస్టల్ యజమాని నోట, జంతుశాస్త్రం చెప్పి రిటైరైన ఒక మాస్టారి నోట ఇక్కడ పెడుతున్నాను. మనుషులిద్దరూ కల్పితాలు, వాదనలు కావు. నా మొగ్గు మాస్టారి వైపు. కానీ యజమాని అడిగేవాటికి జవాబు చెప్పలేకపోతే ఆ మొగ్గుకు విలువ లేదు.

యజమాని: మాస్టారూ, ముందే చెప్తున్నాను, నాకు తేనెటీగల మీద పగేం లేదు. నా బిల్డింగులో వందమందికి పైగా పిల్లలున్నారు. ఒక్కొక్కరి వెనక ఊళ్లో అప్పు చేసి పంపిన అమ్మానాన్నలున్నారు. నాలుగో అంతస్తు సజ్జకు తుట్టె పట్టింది. మెట్ల కిటికీకి చేయి చాస్తే అందేంత దగ్గర్లో ఇంకోటి ఇప్పుడిప్పుడే కడుతోంది. రాత్రి ట్యూబ్‌లైటు వేస్తే ఈగలు వచ్చి పుస్తకాల మీద పడుతున్నాయి. పొద్దున్నే చెప్పుల్లేకుండా బాల్కనీలోకి వెళ్లిన వాడి అరికాల్లో ముల్లు దిగుతోంది. ఆరేసిన బట్టల మీద, కింద పెట్టిన బండ్ల మీద పసుపుపచ్చ చుక్కలు. రేపు ఎవరికైనా ఏమైనా అయితే అడిగేది నన్నే కదా. పెస్ట్ కంట్రోల్ వాళ్లు రాత్రిపూట వచ్చి గంటలో ముగిస్తామంటున్నారు. ఎందుకు వద్దో మీరే చెప్పండి.

మాస్టారు: ముందు మీ సజ్జ కింద ఉన్నదేమిటో తేల్చుకుందాం. అన్నిటినీ తేనెటీగలే అంటాం గానీ మన ఇళ్లకు చేరేవి నాలుగు రకాలు, దేని వైద్యం దానిదే. కరివేపాకు కొమ్మకో కిటికీ గ్రిల్లుకో అరచేయంత పట్టు పెట్టేది చిరు తేనెటీగ. కదిలిస్తే తప్ప దానితో పేచీ లేదు. గోడ తొర్రలో, పాత మీటరు పెట్టెలో, వాడని పైపులో చీకటి చూసుకుని పక్కపక్కనే అరలరలుగా పట్టులు కట్టేది పుట్ట తేనెటీగ. దాన్ని రాణితో సహా తీసి చెక్కపెట్టెలోకి మార్చవచ్చు, పెంపకం తెలిసినవాళ్లు ఇష్టంగా తీసుకుపోతారు. గోడ పగుల్లోంచి సన్నటి మైనపు గొట్టం బయటకు పెట్టుకుని, దోమంత నల్లటి ఈగలు వచ్చిపోతుంటే అది కుట్టలేని రకం, దాని జోలికి పోనక్కర్లేదు. మీ దగ్గరున్నది ఈ మూడూ కాదు. ఒకే ఒక్క పట్టు, ఆరుబయట, మూడడుగుల వెడల్పున వేలాడుతోంది. అది కొండ తేనెటీగ. పెట్టెలో ఇమడదు, పెంపకానికి లొంగదు, రెచ్చగొడితే తరిమి కుడుతుంది. కాబట్టి మీ భయం నిజమైన భయమే. భయపడొద్దని నేను అనను. మీరు వేయబోయే మందుతో ఆ భయం తీరదని మాత్రమే అంటాను.

యజమాని: ఈగలు చచ్చాక భయమెందుకుంటుంది?

మాస్టారు: ఆ చోటు అలాగే ఉంటుంది కాబట్టి. ఈ ఈగ పుట్టి పెరిగింది కొండచరియల్లో, పెద్ద చెట్ల ఎత్తైన కొమ్మల కింద. వాన తగలకుండా పైన కప్పు, కింద ఎగరడానికి ఖాళీ, ఎవరికీ అందనంత ఎత్తు, ఇవే దానికి కావాల్సినవి. మనం కట్టే ఐదంతస్తుల సిమెంటు గోడ, దానికి రెండడుగులు ముందుకొచ్చిన సజ్జ దాని లెక్కలో అచ్చమైన కొండచరియ. ఇందిరా పార్కు చెట్లు, వీధుల్లో మిగిలిన వేపలు, కానుగలు, నిద్రగన్నేర్లు ఇక్కణ్నుంచి ఒక్క ఎగురుకు అందుతాయి. హుస్సేన్‌సాగర్ మిగులు నీళ్ల నాలా పక్కనే పోతోంది, నీటికీ కొదవ లేదు. ఇంకో సంగతి కూడా ఉంది. ఈ ఈగలు ఏడాదంతా ఒకచోట ఉండవు. పూత ఉన్నన్ని నెలలు ఉండి, పూత తగ్గగానే పట్టును వదిలేసి మొత్తం గుంపు వలస పోతుంది. మళ్లీ కాలం రాగానే తిరిగొస్తుంది. అస్సాంలో ఈ గుంపుల జన్యువులను పోల్చి చూసిన శాస్త్రవేత్తలు, వెళ్లిన గుంపే, అదే రాణితో, అదే చోటుకు తిరిగొస్తోందని 2000లో నేచర్ పత్రికలో ప్రకటించారు. కూలీ ఈగల ఆయుష్షు కొన్ని వారాలే. వెళ్లినవీ తిరిగొచ్చినవీ ఒకే ఈగలు కావు, అయినా దారి తప్పడం లేదు. వెనకటి తుట్టె మైనం అంటుకుని ఉన్న చోటును కొత్త గుంపులు కూడా వెతుక్కుంటూ వస్తాయి. మీరు ఈ ఏడు ఒక గుంపును చంపితే ఖాళీ అయ్యేది ఆ గుంపు స్థలమే, దాన్ని ఇంకోటి పట్టేస్తుంది. ఏటా డబ్బు కడతారు, ఏటా తుట్టె ఉంటుంది.

యజమాని: ఏటా కడతాను. దోమల మందుకు కట్టడం లేదా? పిల్లలు క్షేమంగా ఉంటే అదే చాలు.

మాస్టారు: క్షేమంగా ఉంటారా అన్నదే అసలు ప్రశ్న. మందు కొట్టిన రాత్రి ఏం జరుగుతుందో దగ్గరగా చూడండి. తుట్టె అంటే మనకు కనిపించే ఆ నల్లటి తెర మైనం కాదు, ఈగలే. ఒకదాని కాళ్లు ఒకటి పట్టుకుని, తల పైకి పెట్టి, వరుస మీద వరుసగా పట్టును కప్పుకుని ఉంటాయి. లోపల పిల్లపురుగుల దగ్గర వేడి దాదాపు మన ఒంటి వేడి స్థాయిలో నిలకడగా ఉండేది ఆ తెర వల్లే. దాని మీద మందు పడగానే ఈగలు చప్పున చచ్చిపోవు. పట్టు జారి కింద పడతాయి, పాకుతాయి, వెలుగున్న గదుల వైపు ఎగురుతాయి. నాలుగో అంతస్తులో కొట్టిన మందు ఫలితం కింది మూడు అంతస్తుల బాల్కనీల్లో కనిపిస్తుంది. చచ్చిన ఈగ ముల్లు కూడా కాల్లో దిగుతుంది. వెన్నెల రాత్రుల్లో ఈ రకం ఈగలు మేతకు కూడా వెళ్తాయి, కాబట్టి రాత్రికి అన్నీ ఇంట్లోనే ఉంటాయన్న నమ్మకం లేదు. తిరిగొచ్చినవి గూడు చెదిరి అక్కడే తిరుగుతాయి, మామూలుగా ఊరుకునేవి ఆ రోజుల్లో ఊరుకోవు. పట్టు అలాగే మిగిలిందా, కాచే ఈగలు లేని తేనె కారుతుంది, పిల్లపురుగులు కుళ్లుతాయి, చీమలు బారులు కడతాయి. ఆ విషపు తేనెను చుట్టుపక్కల తుట్టెల ఈగలు దోచుకుపోతాయి. గంటలో ముగుస్తుందన్న పని వారం రోజులు సాగుతుంది, ఆ వారమే మీ భవనంలో అన్నిటికంటే ప్రమాదకరమైన వారం. పురుగుమందు చల్లడం వ్యాపారంగా చేసేవాళ్లకు 1968 నాటి చట్టం కింద లైసెన్సు ఉండాలి. వచ్చినవాళ్లను అది చూపించమని అడగండి, ఏ మందు, ఎంత మోతాదు అని కాగితం మీద రాయించుకోండి. నిద్రపోతున్న పిల్లల గదులకు పదడుగుల దూరంలో చల్లే మందు కదా.

యజమాని: సరే, మందు వద్దు. తేనె తీసేవాళ్లు వీధిలో తిరుగుతూనే ఉంటారు. కాగడా పెట్టి పొగ వేసి కోసుకుపోతారు, సగం తేనె మనకే ఇస్తారు. అడవుల్లో చెంచులు తరతరాలుగా చేస్తున్నది అదేగా?

మాస్టారు: చెంచులు చేసేది అది కాదు. నల్లమల కొండచరియల్లో తాళ్ల మీద దిగి తేనె తీసేవాడికి పట్టులో ఏది ఎక్కడుంటుందో తెలుసు. కొండ తేనెటీగ పట్టులో తేనె పై మూలన ఉబ్బెత్తుగా ఉంటుంది, దాని కింద పుప్పొడి, ఆ కింద విశాలంగా పిల్లపురుగుల భాగం. ఆ పై మూలను మాత్రం కోసుకుంటే గుంపు ఉండిపోయి మళ్లీ నింపుకుంటుంది. అడవిలో తేనె కొనే గిరిజన సహకార సంస్థ 1956 నుంచి ఉంది, ఆ తేనె మీద బతికే కుటుంబాలున్నాయి. వచ్చే ఏడాది కూడా ఆ తుట్టె కావాలన్నది వాళ్ల లెక్క. నగరంలో కాగడాతో వచ్చేవాడికి ఆ లెక్క లేదు. మంటతో రెక్కలు కాల్చి, పట్టు మొత్తం కోసి బకెట్లో వేసుకుని పోతాడు. మిగిలిన ఈగలు అదే సజ్జకు ముద్దగా పట్టుకుని కొన్ని రోజులు అక్కడే ఉంటాయి, కాపాడుకోవడానికి పిల్లలు లేక, తినడానికి తేనె లేక, కలవరంతో. ఎండిన పరదాలు, కేబుల్ వైర్లు, గ్యాస్ సిలిండర్లు ఉన్న బాల్కనీ పక్కన కాగడా ఎంత ప్రమాదమో మీకు చెప్పనక్కర్లేదు. ఇంకో మాట. నడుముకు బెల్టు కూడా లేకుండా ఐదో అంతస్తు పిట్టగోడ మీంచి వేలాడే ఆ మనిషి ప్రాణం కూడా మన లెక్కలోకి రావాలి. అతను పడితే ఆ పాపం తేనెటీగలది కాదు, పిలిచిన మనది.

యజమాని: మీరు చెప్పేదంతా ఈగల స్వభావం గురించి. నా భయం మనుషుల స్వభావం గురించి. తుట్టెను కదిలించకపోతే అది ఊరుకుంటుందంటారు, ఒప్పుకుంటాను. కదిలించకుండా వీధినంతా ఆపగలనా? సంక్రాంతికి ప్రతి డాబా మీదా పతంగులే. తెగిన మాంజా పోయి ఆ సజ్జకే తట్టుకుంటుంది. దీపావళికి రాకెట్లు, నవరాత్రులకు డీజేలు. ఎదురింట్లో డ్రిల్లింగు. రాయి విసిరి చూద్దామనుకునే కుర్రాడు ఎక్కడైనా ఒకడుంటాడు. పైనుంచి గద్ద వచ్చి తన్నినా చాలు. ఇవేవీ నా చేతిలో లేవు. ఒక్క ముల్లుతో ఊపిరాడక పోయేవాళ్లున్నారు. వందమందిలో అలాంటివాడు ఎవడో వాడికే తెలియదు. మీ శాస్త్రం వాడికేం చెబుతుంది?

ఈ అభ్యంతరం దగ్గర ఆగాలి. తేనెటీగల పక్షాన మాట్లాడేవాళ్లు చాలామంది దీన్ని దాటవేస్తారు, వాటిని మనమేం చేయకపోతే అవి మననేం చేయవనే మాట చెప్పి ఊరుకుంటారు. ఆ మాట అడవిలో చెల్లుతుంది. గజం స్థలం ఖాళీ లేని అశోక్ నగర్‌లో, ఎవరో చేసిన పనికి ఇంకెవరో కుట్టించుకునే చోట, అది సగం నిజం మాత్రమే. యజమాని అడిగినది న్యాయమైన ప్రశ్న, దానికి జవాబు ఆ తుట్టె ఎక్కడుందన్న దాన్ని బట్టే ఉంటుంది.

మాస్టారు: దాచను. విషం పడనివాళ్లకు ఒక్క కాటుకే ముఖం వాచి, ఒళ్లంతా దద్దుర్లు లేచి, బీపీ పడిపోతుంది. అప్పుడు కావాల్సింది అడ్రినలిన్ ఇంజక్షను, ఇంటి వైద్యం కాదు. పడేవాళ్లకైనా వందల కాట్లు పడితే కండరాలు దెబ్బతిని కిడ్నీలు పాడవుతాయి. అందుకే అన్ని తుట్టెలనూ ఉంచమని నేను అనను. మెట్ల కిటికీ పక్కనున్నది ఉండకూడదు. బడి నడవాలో, ఆసుపత్రి వార్డు ముందు, లిఫ్టు గది తలుపు మీద, రోజూ మనిషి రాసుకుపోయే ఏ చోటా ఉండకూడదు. మూల సజ్జకు, కింద ఎవరూ నిలబడని వైపు, గదులకు ఎడంగా ఉన్నదాన్ని మాత్రం ఆ కొన్ని నెలలు ఓర్చుకోవచ్చు. ఆ ఓర్పు కూడా చేతులు కట్టుకుని కూర్చోవడం కాదు. ఈగ కుట్టినప్పుడు ముల్లు, విషపు సంచి ఒంట్లోనే ఉండిపోయి, అరటిపండు లాంటి ఒక వాసన వదులుతుంది. మిగతా ఈగలకు అదే పిలుపు. ఒకటి కుట్టిన చోటే పది కుట్టేది అందుకే. కాబట్టి చేతులు విసరకుండా, తల కప్పుకుని, దగ్గర్లోని గదిలోకి పోయి తలుపేసుకోవాలి. ముల్లు గోటితో గీకాలా, గిల్లి తీయాలా అని ఆలోచిస్తూ నిలబడొద్దు, ఎలా తీశామన్నది కాదు, ఎంత త్వరగా తీశామన్నదే ముఖ్యమని కొలిచి చూశారు. ఊపిరి బరువెక్కితే వెంటనే 108. ఈ నాలుగు మాటలు ప్రతి అంతస్తులో గోడకు అంటించండి. పండగకు ముందు డాబా మీద ఆ వైపు పతంగులు ఎగరేయొద్దని తాళం వేయండి. తుట్టె మీద అప్పుడప్పుడు ఒక మెరుపులాంటి అల పరుగెడుతుంది చూశారా, ఈగలు ఒకదాని తర్వాత ఒకటి తోక పైకెత్తడం వల్ల వచ్చేది అది. కందిరీగ దగ్గరకొస్తే బెదరగొట్టడానికి అలా చేస్తాయి. ఆ అలలు ఊరికే లేస్తూనే ఉంటే అప్పటికే ఏదో వాటిని ఇబ్బంది పెడుతోందని, ఆ బాల్కనీ మూసేయాలని అర్థం.

యజమాని: మరి ట్యూబ్‌లైట్ల సంగతి? రాత్రి రెండింటి దాకా చదివే పిల్లలను చీకట్లో కూర్చోమనలేను.

మాస్టారు: గదిలో వెలుగు ఉండాల్సిందే, అది బయటకు పడకూడదు. ఆ వైపు కిటికీలకు మందపాటి పరదా, సన్నటి దోమతెర వేయించండి. బాల్కనీలోనూ మెట్ల మీదా తెల్ల లైటు తీసేసి ఎర్ర బల్బు పెట్టండి. తేనెటీగ కంటికి ఎరుపు ఆనదని కార్ల్ ఫాన్ ఫ్రిష్ అనే శాస్త్రవేత్త వందేళ్ల కిందటే నిరూపించాడు. మీ పిల్లల పుస్తకాల మీద పడే ఈగల్లో చాలా వరకు ఈ చిన్న ఖర్చుతో ఆగిపోతాయి. పసుపు చుక్కలంటారా, అవి ఈగల రెట్టలు. గుంపుగా ఒకేసారి ఎగిరి బయట విసర్జించి వస్తాయి. ఆ చుక్కలు ఒకప్పుడు ప్రపంచాన్నే కంగారు పెట్టాయి. లావోస్, కంబోడియాల్లో ఆకుల మీద పడ్డ పసుపు చుక్కలు సోవియట్ పక్షం కురిపించిన విషమని 1981లో అమెరికా విదేశాంగ మంత్రి అలెగ్జాండర్ హేగ్ ఆరోపించాడు. మాథ్యూ మెసెల్సన్, థామస్ సీలీ అనే శాస్త్రవేత్తలు థాయిలాండ్ వెళ్లి చూస్తే తుట్టెల కింద పుప్పొడి నిండిన అవే చుక్కలు పడుతున్నాయి. ఈ జాతి ఈగలే. నీళ్లతో కడిగితే పోతాయి. బండ్లు నాలుగడుగులు పక్కకు పెట్టించండి.

యజమాని: ఇంత చేయాలంటే ఖర్చు, శ్రమ అన్నీ నావే. ఆ ఈగలు పండించే పంట ఎక్కడో, తినేది ఎవరో. నేనొక్కణ్నే ఎందుకు భరించాలి?

మాస్టారు: మీరొక్కరే భరించడం న్యాయం కాదు. మనిషి పండించే ముఖ్యమైన ఆహార పంటల్లో ముప్పాతిక వంతు రకాలకు ఎంతో కొంత పరాగసంపర్కం జంతువుల వల్లే, ముఖ్యంగా కీటకాల వల్లే జరుగుతుంది. దక్కన్‌లో పొద్దుతిరుగుడు చేలకు ఈ పెద్ద ఈగ చేసే పని రైతులకు తెలుసు. ఆ లాభం అందరిదీ, అపాయం ఒక్క సజ్జదీ అయితే ఏ యజమానైనా మందే కొట్టిస్తాడు. అందుకే ఇది వీధి మొత్తం చేయాల్సిన పని. జీహెచ్‌ఎంసీ ఎంటమాలజీ విభాగం ప్రధానంగా దోమల మీద పనిచేస్తుంది. తుట్టెలను చంపకుండా తీయడం తెలిసిన ఒక బృందం కూడా వార్డుకు అందుబాటులో ఉండాలని మనందరం కలిసి అడగాలి. అది వచ్చేదాకా చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లు, హాస్టళ్లు కలిసి తలా కొంత వేసుకోవచ్చు. మీ భవనం మీద వాలకపోతే పక్క భవనం మీద వాలే గుంపు అది, పక్కవాడికి కూడా అందులో వాటా ఉంది. అసలు ఖర్చు కూడా ఈగలున్నప్పుడు కాదు, అవి వెళ్లాక పెట్టాలి. గుంపు లేచిపోయి ఖాళీ పట్టు మిగిలిన వారంలోపే దాన్ని గీకించేయండి. మైనం మరక కూడా ఉండకూడదు, కడిగి, రంగు వేయించండి. సజ్జ అడుగును సన్నటి జాలీతో మూసి బిగించండి. మన బాల్కనీలకు కట్టే పావురాల వల దీనికి చాలదు, దాని కళ్లలోంచి ఈగలు తేలిగ్గా దూరిపోతాయి. వచ్చే సీజన్‌కు ముందు మీ సజ్జలన్నీ ఒకసారి చూసుకుంటే చాలు. కొత్తగా వాలిన గుంపు ఇంకా పట్టు పెట్టకముందు, మొదటి ఒకటి రెండు రోజుల్లో, కాపాడుకోవడానికి ఏమీ ఉండదు. దాన్ని మళ్లించడం అప్పుడే తేలిక.

యజమాని: నాలుగో అంతస్తు మూలనున్నది ఉండనిస్తాను, ఆ బాల్కనీకి తాళం వేస్తాను. మెట్ల కిటికీ దగ్గరున్నది మాత్రం ఈ వారమే తీయించాలి. అందులో రాజీ లేదు.

మాస్టారు: నేను కూడా అదే అంటున్నాను. పట్టు ఇంకా చిన్నది, ఆలస్యం చేసినకొద్దీ కష్టం. ఒంటికి పూర్తి సూటు, నడుముకు బెల్టు, తాడు ఉన్నవాళ్లనే పిలవండి. మంట కాదు, చల్లటి పొగ మాత్రమే. పొగ తగిలితే ఈగలు తేనె తాగి బరువెక్కుతాయి, పిలుపు వాసన కూడా మరుగున పడుతుంది. పొద్దు వాలాక, ఆ వైపు లైట్లన్నీ ఆర్పి, పిల్లలను వెనక వైపు గదుల్లోకి పంపి చేయించండి. పట్టు తీసిన చోటును వెంటనే కడిగించండి, తర్వాత మూడు నాలుగు రోజులు ఆ మెట్లు వాడకుండా లిఫ్టే వాడమనండి. ఎదురింటి వాళ్లకూ, కింద టిఫిన్ సెంటర్ అతనికీ ముందు రోజే చెప్పండి. ఆ సాయంత్రం అతను పొయ్యి కాస్త తొందరగా ఆర్పేసుకోవాలి.